ఫైబర్ బాడీ ఒక్కటే చూస్తే ఎలా?

ఫైబర్ బాడీ కాబట్టి రెప్లికా కారు (పేరున్న కారును పోలి కట్టే నకలు) అసలు దానికన్నా తేలిక అని ఒకరు రాశారు. ఏసీ కోబ్రా అనే పాత స్పోర్ట్స్ కారునే తీసుకోండి. అసలు కారుది పల్చటి అల్యూమినియం బాడీ. రెప్లికాకు ఫైబర్‌గ్లాస్‌ను చేత్తో పొరలుగా వేస్తారు, పొరలను అంటించే రెజిన్ ఎక్కువైతే బరువు ఇట్టే పెరుగుతుంది. ఇంజిన్ మరీ పెద్ద తేడా. ఈ కార్లలో వేసే ఫోర్డ్ ఇంజిన్లలో చిన్నదైన 302 సుమారు 210 కిలోలు, పెద్దదైన ఇనుప 427 అయితే 280 దాటుతుంది. ఆ భారమంతా ముందు భాగంలోనే.

మా బెంగళూరులో కొందరు పాత సెడాన్ ఫ్లోర్ అలాగే ఉంచి పైన లంబోర్గిని ఆకారం తొడుగుతారు. ఇక బరువు తగ్గేదెక్కడ? పైగా ఎయిర్ కండిషనర్ బరువొకటి (మారతహళ్లి ట్రాఫిక్‌లో అది లేకుండా కుదరదు లెండి).

కొనేవాళ్లు వే బ్రిడ్జి మీద ముందు, వెనక చక్రాలు విడిగా తూయించండి. ట్యాంకులో పెట్రోలు ఎంతుందో కూడా చూడండి, 50 లీటర్లంటేనే దాదాపు 37 కిలోలు.