గుట్టుగా సర్దేయమంటున్న ఒక సందేశం గురించి

రోజుకో గ్రూపులో అదే సందేశం. నిన్న మా బాబాయి కూడా ‘చదువు, నిజమే కదా’ అంటూ పంపారు. లైంగిక హింస గురించి విద్యార్థినులు వచ్చి చెప్పుకుంటే ఎలా స్పందించాలో విశ్వవిద్యాలయ సిబ్బందికి నేర్పడం దండగని దాని సారాంశం.

‘ఇది పోలీసుల పని, పాఠాలు చెప్పేవారికెందుకు?’ నేరుగా స్టేషన్‌కు వెళ్లగలిగిన అమ్మాయి వార్డెన్ తలుపు ఎందుకు తడుతుంది? 2015 నాటి యూజీసీ నిబంధనలు ఈ బాధ్యతను విద్యాసంస్థల మీదే పెట్టాయి.

‘నిజమైతే ఆ రోజే చెప్పేది.’ పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టేందుకు వచ్చిన 2013 చట్టం ఫిర్యాదుకు మూడు నెలలు ఇచ్చింది, తగిన కారణముంటే మరో మూడు నెలలు. చట్టం రాసినవారు అమాయకులన్నమాట.

‘ఏం చెప్పినా నమ్మేయమని నేర్పుతారు.’ తీర్పు చెప్పవద్దని నేర్పుతారు. ఇరుపక్షాలనూ విని నిజానిజాలు తేల్చడానికి అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉంది. దురుద్దేశంతో చేసిన ఫిర్యాదుపై చర్యకు అదే చట్టంలో 14వ సెక్షన్ ఉంది. రుజువు కానంత మాత్రాన చర్య తీసుకోనక్కరలేదన్న మాటా అందులోనే ఉంది, అంతదాకా చదివే ఓపిక ఉంటే.

ఇక నా ఒళ్లు మండించిన సలహా: ‘నాలుగు మంచి మాటలు చెప్పి, తల్లిదండ్రులకు ఫోన్ చేసి, గుట్టుగా సర్దేస్తే సరి.’ ఓటు హక్కున్న మనిషిని ఒక్క మాట అడగకుండా ఇంటికి ఫోన్ చేస్తారా? ఆ తరువాత ఏం జరుగుతుందో మనకు తెలియదా? మర్నాడే తండ్రి వచ్చి పెట్టె సర్దిస్తాడు. చదువు ఆగుతుంది. మాఘమాసానికి సంబంధం కుదురుతుంది. అవతలివాడు పరీక్షలు రాసి, టై కట్టుకుని క్యాంపస్ ఇంటర్వ్యూకు వెళతాడు. పరువు దక్కిందట, ఎవరిదో మరి! సర్దుబాటు కోరే అధికారం కూడా చట్టం ఫిర్యాదు చేసిన ఆమెకే ఇచ్చింది, అదీ డబ్బు బేరం లేకుండా.

‘ఆ వేళప్పుడు అక్కడికెందుకు వెళ్లావమ్మా’ అన్న ఒక్క ప్రశ్న చాలు, మిగతాది ఆమె గొంతులోనే ఆగిపోవడానికి. అడ్డుపడకుండా వినాలి. కమిటీ, పోలీసులు, ఆసుపత్రి అని దారులు చూపి, ఎంపిక ఆమెకే వదలాలి. అత్యాచార బాధితులకు ప్రైవేటు ఆసుపత్రి కూడా ఉచితంగా చికిత్స చేయాలనీ, ఎఫ్ఐఆర్ ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేయించవచ్చనీ తెలిసుండాలి. వచ్చినది పదిహేడేళ్ల పిల్ల అయితే పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపక తప్పదు, కనుక ‘ఎవరికీ చెప్పనులే’ అని ముందే మాట ఇవ్వకూడదు. ఇవన్నీ పీహెచ్‌డీ పట్టాతో పాటే వచ్చేస్తాయా?

చివరిది, ‘ఇవన్నీ టీ బిస్కెట్ల కార్యక్రమాలు.’ ఇది మాత్రం ఒప్పుకుంటాను. నేను చూసినవి అలాగే ఉన్నాయి: గంట ఉపన్యాసం, హాజరు పట్టీలో సంతకాలు, బ్యానర్ ముందు ఫొటో. పిలిచేది ఆచార్యులనే. రాత్రిపూట హాస్టల్లో ఉండే ఆయాకు, గేటు దగ్గరి వాచ్‌మన్‌కు కబురే వెళ్లదు. అమ్మాయి ఏడుస్తూ వస్తే ముందు కనబడేది వాళ్లకే. ఆ బ్యానర్ డబ్బు మిగిల్చి, వాళ్లను ఒక పూట కూర్చోబెట్టి తెలుగులో చెప్పండి.