ఇంజను అందుకుంటే ఈల: కారు కంప్యూటరు మీద ఒక వాదోపవాదం

ముందు సీటు కింద చిన్న కంప్యూటరు, డిక్కీలో ఆంప్లిఫయరు, రెండింటినీ కలుపుతూ పాటను మోసే నాలుగు మీటర్ల ఆర్‌సీఏ కేబులు. ఇంజను ఆగి ఉన్నంతసేపూ పాట శుభ్రంగా వినిపిస్తుంది. ఇంజను అందుకోగానే పాట వెనక సన్నని ఈల మొదలై, యాక్సిలరేటరు తొక్కినకొద్దీ దాని శ్రుతి పెరుగుతుంది. ఆ కంప్యూటరును స్వయంగా అమర్చుకున్న సుధాకర్‌కూ, బండ్ల వైరింగు పనిలో చేయి తిరిగిన వీరభద్రంగారికీ ఈ ఈల దగ్గరే మాట కలవలేదు. నా మొగ్గు సుధాకర్ వైపే గనుక అతని మాటలు కొంచెం పొడుగ్గా ఉంటే ఆ తప్పు నాది.

వీరభద్రం: దీనికి ఇంత ఆలోచన ఎందుకు నాయనా? ఆర్‌సీఏ కేబులు మధ్యలో ఒక ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టు, రెండు పక్కల తీగలనూ కలవనివ్వకుండా పాటను మాత్రం దాటించే చిన్న పెట్టె. పది నిమిషాల పని. ఇలాంటి ఈలలు దానితో పోవడం నేను ఎన్నోసార్లు చూశాను.

సుధాకర్: పోవచ్చు, కాదనను. కానీ ఆ ఈల ఎక్కడ పుట్టి ఏ దారిన లోపలికి వస్తోందో తెలియకుండా పెట్టె పెట్టడం నాకు నచ్చదు. పుట్టుక సంగతి తేలికే. పుల్లీల నిష్పత్తి మూడింతలు అనుకుంటే, ఇంజను నిమిషానికి 1,000 చుట్లు తిరిగినప్పుడు, బండికి కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు 3,000 చుట్లు, అంటే సెకనుకు 50 చుట్లు తిరుగుతుంది. అందులో ఆరు జతల ధ్రువాలుంటే 300 హెర్ట్జ్ కరెంటు పుడుతుంది. మూడు ఫేజులనూ ఆరు డయోడ్లు డీసీగా సరిచేసేటప్పుడు ఒక్కొక్క ఆవృత్తికి ఆరు అలలు మిగిలిపోతాయి కాబట్టి, 1,800 హెర్ట్జ్ దగ్గర సన్నని కూత వినిపిస్తుంది. ఇంజను 3,000కు చేరితే అది 5,400 అవుతుంది. మన చెవికి బాగా పట్టే ప్రాంతమే అది. ఇక దారి సంగతి. కంప్యూటరు ఎర్తు ముందు భాగంలో బాడీకి ఉంది, ఆంప్లిఫయరు ఎర్తు డిక్కీలో బాడీకి ఉంది. ఆ రెండు బోల్టుల మధ్య ఉన్న ఇనుములో బండి కరెంటంతా తిరుగుతూ ఉంటుంది గనుక రెండు చోట్లా వోల్టేజీ ఒక్కటిగా ఉండదు. ఆర్‌సీఏ కేబులు పైనుండే లోహపు అల్లిక ఆ రెండు చోట్లనూ కలిపే రెండో వంతెన అయింది. ఆ అల్లికలో పడే వోల్టేజీని ఆంప్లిఫయరు పాటతో కలిపే తీసుకుంటుంది, ఎందుకంటే విడదీయడానికి దాని దగ్గర ఆధారం లేదు. ఒక వోల్టు పాటకు ఒక్క మిల్లీవోల్టు తోడైనా అది 60 డెసిబెల్సే కింద ఉంటుంది. పాట నెమ్మదించిన చోట చెవికి స్పష్టంగా తెలుస్తుంది.

వీరభద్రం: ఇంత చెప్పి నా మాటే అన్నావు. ట్రాన్స్‌ఫార్మరు పెడితే ఆ వంతెన తెగుతుందా, తెగదా?

సుధాకర్: ఈల ఆ వంతెన మీదుగానే వస్తుంటే తెగుతుంది. వస్తున్నదని ఎవరు చూశారు? ముందు ఆంప్లిఫయరు దగ్గర ఆర్‌సీఏ ఊడదీసి, లోపలి పిన్నునూ బయటి రింగునూ కలిపేసిన ప్లగ్గు పెట్టి చూడాలి. అప్పుడూ ఈల ఉంటే జబ్బు ఆంప్లిఫయరుది లేదా దానికి వచ్చే పవరుది, మీ పెట్టెకు దానితో పని లేదు. నిశ్శబ్దమైతే కేబులును తిరిగి పెట్టి, కంప్యూటరుకు తగలకుండా దాని అవతలి కొసను అలాగే కలిపేయాలి. అక్కడ ఈల వస్తే, పక్కనే పరుగెత్తే బ్యాటరీ కేబులు నుంచి అది సోకుతోందన్నమాట. కేబులును బండి రెండో పక్కకు మార్చడమే దానికి మందు. రెండు పరీక్షలలోనూ నిశ్శబ్దంగా ఉండి, కంప్యూటరు తగిలించగానే ఈల వస్తే అప్పుడు మీ వంతెన మీద అనుమానపడదాం. ఇంజను ఆపి ఉన్నప్పుడు మౌసు కదిపితే గురగుర వినిపించి, కంప్యూటరుకు హెడ్‌ఫోను పెట్టినా అదే వినిపిస్తే అది సౌండు చిప్పు దగ్గరే పుట్టిన రొద. దాన్ని మీ ట్రాన్స్‌ఫార్మరు పాటలాగే భద్రంగా ఆంప్లిఫయరుకు చేరవేస్తుంది.

వీరభద్రం: పరీక్షలు బాగానే ఉన్నాయి. అవన్నీ అయ్యాక ఏం చేస్తావు?

సుధాకర్: అన్నిటి ఎర్తులనూ రంగు గీకిన ఒకే బోల్టు దగ్గర, వీలైనంత పొట్టి తీగలతో కలుపుతాను.

వీరభద్రం: అది కాగితం మీద మాట. నీ కంప్యూటరుకు రేడియో యాంటెన్నా ఉంది. దాని కేబులు అల్లిక పైకప్పు దగ్గర బాడీకి పట్టుకుని ఉంటుంది. తెరకు వేరే పవరు తీగ, వేరే ఎర్తు ఉన్నాయి. యూఎస్‌బీకి తగిలించిన ఫోనుకు ఇంకొక చార్జరు కూడా పెడతావు, అది సిగరెట్టు సాకెట్టు ద్వారా మళ్లీ బాడీకే చేరుతుంది. నువ్వు ఒక్క బోల్టు అంటున్నావు, నీ కంప్యూటరుకు నాలుగు చోట్ల ఎర్తు ఉంది. బండి బాడీయే ఎర్తు అయినప్పుడు ఒక్క చోటు ఎక్కడ దొరుకుతుంది?

సుధాకర్: అది నిజమే. ఒక్క బోల్టు చాలుతుందన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ మీరన్న ఆ నాలుగు తీగలనూ ఒక్కొక్కటిగా ఊడదీసి వింటే ఏది దొంగో తెలిసిపోతుంది కదా. మీ పెట్టె పెడితే దొంగ ఇంట్లోనే ఉంటాడు, చప్పుడు మాత్రమే ఆగుతుంది. పైగా చవక ట్రాన్స్‌ఫార్మర్ల లోపలి అయస్కాంత కోరు చిన్నది. 30, 40 హెర్ట్జ్ దగ్గర అది నిండిపోయి బేస్ వంకర పోతుంది.

వీరభద్రం: బేస్ గురించి నువ్వే చెప్పాలి! కంప్యూటరు వాల్యూము సగానికి దించి, ఆంప్లిఫయరు గెయిన్, అదే లోపలికి వచ్చిన పాటను పెంచే నాబు, చివరిదాకా తిప్పి పెట్టుకున్నావు. ముందు ఆ నాబు దించు.

సుధాకర్: వాల్యూముకూ దీనికీ సంబంధం ఏమిటి? డాక్, అంటే అంకెలను పాట సిగ్నలుగా మార్చే భాగం, 24 బిట్లది. ప్రతి 6 డెసిబెల్సుకూ ఒక బిట్టు పోయినా, నాలుగైదు బిట్లు పోయినంత మాత్రాన ఎవరికీ తెలియదు.

వీరభద్రం: బిట్ల మాట నేను ఎత్తలేదు. ఈల కేబులులో కలిసేది కంప్యూటరు దాటాక. అక్కడ పాట ఎంత పెద్దగా ఉంటే ఈల అంత చిన్నది. కంప్యూటరు వాల్యూము పెంచి ఇక్కడ గెయిన్ తగ్గిస్తే, తీగ ముట్టుకోకుండానే ఈల తగ్గుతుంది.

(ఈ ఉపతగువులో పైచేయి వీరభద్రంగారిదే. సుధాకర్ ఏమీ అనకుండా వెళ్లి గెయిన్ తగ్గించాడు. ఈల తగ్గింది, పోలేదు.)

సుధాకర్: ఒక్క విషయంలో మాత్రం మనకు పేచీ ఉండదనుకుంటాను. పరీక్ష పేరుతో కొందరు ఆంప్లిఫయరు ఎర్తు తీగనే విప్పి చూస్తారు.

వీరభద్రం: అలా విప్పితే బ్యాటరీ కరెంటు తిరిగి పోవడానికి ఆర్‌సీఏ అల్లికే దారవుతుంది. నీ సౌండు కార్డు మాడిపోతుంది. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ క్లాంపు తీయడం కూడా అంతే ప్రమాదం. ఆల్టర్నేటరు వోల్టేజీ ఒక్కసారిగా పదుల వోల్టులకు ఎగురుతుంది, కంప్యూటరు దాన్ని తట్టుకోలేదు.

సుధాకర్: అందుకే ఎర్తును కాదు, పాట దారిని తెంపాలంటాను. అదీ కంప్యూటరుకు దగ్గరగా, పాట ఇంకా అంకెల రూపంలో ఉన్న చోట. ఆప్టికల్ కేబులు ప్లాస్టిక్కుది, అందులో వెలుతురే తప్ప కరెంటు పోదు. డాక్‌ను డిక్కీలోకి మార్చి, ఆంప్లిఫయరు బోల్టుకే దాని ఎర్తూ కట్టి, మధ్యలో జానెడు ఆర్‌సీఏ వేస్తే చాలు. కంప్యూటరుకు ఎన్ని ఎర్తులున్నా ఆ తర్వాత పాట జోలికి రావు.

వీరభద్రం: నీ కంప్యూటరుకు ఆప్టికల్ అవుట్‌పుట్ లేకపోతే?

సుధాకర్: యూఎస్‌బీ ఐసొలేటరు పెడతాను, అది తీగలు కలవకుండా అంకెలను మాత్రం దాటిస్తుంది. సెకనుకు 12 మెగాబిట్లవి కూడా రెండు చానళ్ల సంగీతానికి చాలు.

వీరభద్రం: ఇంత తిరిగి నువ్వు చేరింది కూడా మధ్యలో తెంపడం దగ్గరికే. మరి నా పెట్టె చేసిన తప్పేమిటి?

సుధాకర్: తెంపడం తప్పు కాదు. మీ పెట్టె పాటనే తనలోంచి పోనిస్తుంది, నాది అంకెలను పోనిస్తుంది. అంకెలకు బేస్ పోదు. ఇక, తెంపవలసినది అక్కడేనని పరీక్ష చెప్పకముందు దాన్ని కూడా నేను కొనను.

వీరభద్రం: సరే, కొనవద్దు. ఇంజను స్టార్టు చెయ్యి. ముందు యాంటెన్నా ప్లగ్గు లాగు.

సుధాకర్: లాగాను... సగానికి పైగా పోయింది!

వీరభద్రం: పైకప్పు ఎర్తు అని ఎవరన్నారు?

సుధాకర్: మీరే. మిగిలిన ఈల సంగతి చూద్దాం, ఆ కలిపేసిన ప్లగ్గు ఇలా ఇవ్వండి.