ఏడుగురా, తొమ్మిది మందా? డిజిటల్ న్యూస్ ఇంటర్వ్యూలో అసలు పరీక్ష

డిజిటల్ న్యూస్ డెస్క్ ఉద్యోగాలకు వచ్చే రెజ్యూమేలు ఈమధ్య అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటున్నాయి. ఎస్‌ఈవో (సెర్చ్‌లో కథనం పైకి వచ్చేలా చేయడం) వచ్చు, అనలిటిక్స్ (పాఠకుల లెక్కలు చూడటం) వచ్చు, సీఎంఎస్ (కథనాలు సైట్‌లో పెట్టే సాఫ్ట్‌వేర్) తెలుసు, రీల్స్ ఎడిట్ చేయగలను. వస్తే మంచిదే. కానీ ఆ జాబితా ఎన్నాళ్లు నిలుస్తుంది? సైట్‌కు ఎంతమంది వస్తున్నారో లెక్కగట్టే గూగుల్ పాత యూనివర్సల్ అనలిటిక్స్ 2023 జులై 1న డేటా తీసుకోవడం ఆపేసింది. ఫేస్‌బుక్‌లో ఏ పోస్టు ఎంత పాకిందో చూపించే క్రౌడ్‌టాంగిల్‌ను మెటా 2024 ఆగస్టులో మూసేసింది. టూల్ నేర్చుకోవడానికి కొన్ని వారాలు చాలు, పోతే ఇంకోటి నేర్చుకుంటాం. బల్లకు అవతల కూర్చున్న ఎడిటర్‌కు ఇది తెలియంది కాదు. పక్కన సీనియర్లెవరూ లేనప్పుడు ఈ మనిషి ఏ వార్త వేస్తారు, ఏది ఆపుతారు అన్నదే అక్కడ తేలాల్సింది.

అందుకే చాలాచోట్ల రాత పరీక్ష పెడతారు. ఇలాంటి ప్రశ్న ఒకటి ఊహించుకోండి. ఒక భవనంలో అగ్నిప్రమాదం. ఏడుగురు చనిపోయారని ఒక వార్తా ఏజెన్సీ, తొమ్మిది మంది అని ఇంకో ఏజెన్సీ. మిగతా సైట్లు అప్పటికే తొమ్మిదితో హెడ్డింగ్ పెట్టేశాయి. మీరేం పెడతారు?

అందరూ తొమ్మిది అంటున్నారు కాబట్టి తొమ్మిది అనేవాళ్లు కొందరు. ‘ఏడు నుంచి తొమ్మిది మంది’ అని గోడ మీద పిల్లిలా కూర్చునేవాళ్లు ఇంకొందరు. నా దృష్టిలో మంచి జవాబు ఎదురు ప్రశ్నతో మొదలవుతుంది: ఏడు అన్నది ఎవరు, తొమ్మిది అన్నది ఎవరు? ఏడు ఆస్పత్రి లెక్క, తొమ్మిది ప్రత్యక్ష సాక్షి మాట అయితే హెడ్డింగ్‌లో ఏడే ఉండాలి, అది ఎవరు చెప్పారో కూడా ఉండాలి. తొమ్మిది సంగతి కాపీలో, అంటే కథనం లోపల, చెప్పినవారి పేరు మీద వస్తుంది. ఫోన్లకు వెళ్లే నోటిఫికేషన్‌లో మాత్రం మొదట అంకె లేకపోయినా నష్టం లేదు. కథనాన్ని రెండు నిమిషాల్లో దిద్దొచ్చు. నోటిఫికేషన్ ఒకసారి పోయాక చదివినవాళ్ల తలలోంచి దాన్ని వెనక్కి లాగలేం. ఈ తేడా చెప్పగలిగిన అభ్యర్థి హెడ్డింగ్ కాస్త చప్పగా రాసినా నేను మార్కులు తగ్గించను.

నిదానమే ప్రధానం అన్నదీ మనమే, ఆలస్యం అమృతం విషం అన్నదీ మనమే. డెస్క్ మీద రెండూ ఒకే నిమిషంలో నిజం కావాలి. 2013 ఏప్రిల్ 23న అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ ట్విటర్ ఖాతాను హ్యాక్ చేసి, వైట్‌హౌస్‌లో పేలుళ్లు జరిగాయని, ఒబామా గాయపడ్డారని రాసేశారు. నిమిషాల్లో అమెరికా షేర్ మార్కెట్ సూచీ డౌ జోన్స్ 140 పాయింట్లకు పైగా పడి, అబద్ధమని తేలగానే మళ్లీ లేచింది. నమ్మకమైన ఖాతా అన్న ఒక్క కారణంతో కళ్లు మూసుకుని షేర్ చేయకూడదని చెప్పడానికి ఇంటర్వ్యూలో ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఇక ఇంటి దగ్గర చేసుకోవాల్సిన పని. మీరు ఇంటర్వ్యూకు వెళ్తున్న సైట్‌ను ఒక వారం పాఠకుడిగా కాక సబ్ ఎడిటర్‌గా చదవండి. ఉదయం హోమ్ పేజీలో పైన ఏముంది, సాయంత్రానికి ఏది కిందికి జారింది, ఏ హెడ్డింగ్ మధ్యలో మారింది, ఏజెన్సీ కాపీని ఎక్కడ ఉన్నదున్నట్టు దించేశారు అన్నవి రాసిపెట్టుకోండి. ‘మీ సైట్ చాలా బాగుంటుంది’ అనే పొగడ్త విని విని ప్యానెల్‌కు విసుగొచ్చి ఉంటుంది. ‘మొన్నటి కథనంలో ఇంట్రో బాగుంది, కానీ అసలు విషయం అయిదో పేరాలో దాక్కుంది’ అంటే తల ఎత్తి చూస్తారు.

పేజ్ వ్యూస్ ఎలా పెంచుతారని అడిగితే ఆ అంకె మీద కొంచెం అనుమానం కూడా చూపించాలి. జనం సగటున ఎంతసేపు వీడియో చూస్తున్నారో లెక్కగట్టడంలో పొరపాటు చేశామని, మూడు సెకన్ల లోపు చూపులను లెక్కలో కలపకపోవడంతో సగటు పెరిగి కనిపించిందని ఫేస్‌బుక్ 2016లో ఒప్పుకుంది. వీడియోల వైపు పరుగెత్తాలా అని న్యూస్‌రూములు తేల్చుకుంటున్న కాలమది.

ఏఐ గురించి తప్పకుండా అడుగుతారు. ముట్టుకోను అన్నా, అంతా దాంతోనే చేయిస్తాను అన్నా ఎడిటర్‌కు పనికిరాదు. టెక్నాలజీ వార్తల సైట్ సీనెట్ ఏఐతో రాయించిన 77 కథనాలను 2023 జనవరిలో మళ్లీ పరిశీలించి 41 కథనాల్లో సవరణలు చేసుకోవాల్సి వచ్చింది. వడ్డీ లెక్కలాంటి సాదా విషయంలోనూ తప్పులు దొర్లాయి. అందుకే అంకెలు, పేర్లు, కొటేషన్లు ఏ దశలో ఎవరి చేత్తో సరిచూస్తారో వరుసగా చెప్పండి. అంతకుమించి ఉపన్యాసం అక్కర్లేదు.

చివర్లో ‘మీరేమైనా అడగాలా?’ అంటారు. జీతం అడగండి, అందులో సిగ్గేం లేదు. దాంతోపాటు తప్పు దొర్లితే సవరణ నోట్ పెడతారా, చప్పుడు చేయకుండా దిద్దేస్తారా అని అడగండి. నైట్ షిఫ్ట్‌లో డెస్క్ మీద ఎంతమంది ఉంటారో కూడా తెలుసుకోండి. ఒక్కరే అని జవాబు వస్తే, ఏడుగురా తొమ్మిది మందా అన్నది ఆ రాత్రి తేల్చాల్సింది మీరే.