ర్యాంకుల ఫొటోలు కాదు, సెక్షన్ టైంటేబుల్ అడగండి

పదో తరగతి ఫలితాలు రాగానే హైదరాబాద్‌లోని అన్నయ్యలు, వదినలు దూరంగా ఉన్న మనకు ఫోన్ చేస్తారు. ఇంటర్‌తో పాటు ఎంట్రన్స్ కోచింగ్ ఇచ్చే కాలేజీలో పిల్లల్ని ఎక్కడ చేర్చాలి, మాదాపూర్ క్యాంపసా, కూకట్‌పల్లి క్యాంపసా అని అడుగుతారు. ఫీజులో మనమూ ఓ చెయ్యి వేస్తాం కాబట్టి మన మాటకు విలువ ఉంటుంది. ఆ మాట కాలేజీ పేరుతో కాకుండా, పరీక్షతో మొదలుపెట్టాలని మేం గట్టిగా నమ్ముతున్నాం.

రాష్ట్రంలోని కాలేజీల్లో సీట్ల కోసం రాసే తెలంగాణ ఎప్‌సెట్ ఇంజినీరింగ్ పేపర్లో 3 గంటలకు 160 ప్రశ్నలు. ప్రశ్నకు 67 సెకన్లు. సగం, అంటే 80, మ్యాథ్స్‌వే. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి తెలియనిదానికి కూడా ఏదో ఒకటి పెట్టి రావాలి. ఎన్ఐటీల్లాంటి జాతీయ కాలేజీల కోసం రాసే జేఈఈ మెయిన్‌లో అదే 3 గంటలకు 75 ప్రశ్నలే. ఒక్కోదానికి 2 నిమిషాల 24 సెకన్లు దొరుకుతాయి, కానీ తప్పుకు ఒక మార్కు పోతుంది. జవాబుగా అంకె రాయాల్సిన న్యూమరికల్స్‌లో కొన్ని వదిలేసే ఛాయిస్ కూడా 2025లో తీసేశారు. ఎప్‌సెట్ వేగం అలవాటైన పిల్లలు మెయిన్‌లో గుడ్డిగా పెట్టి మార్కులు పోగొట్టుకుంటారు. మెయిన్ నిదానం అలవాటైనవాళ్లకు ఎప్‌సెట్‌లో చివరి ప్రశ్నలు చదివే టైమే ఉండదు. ఇంటర్ థియరీ అయ్యాక ఏప్రిల్ మెయిన్‌కు మిగిలేది కొద్ది వారాలే. అందుకే 'ఇంటర్, మెయిన్, అడ్వాన్స్‌డ్, ఎప్‌సెట్ అన్నీ ఒకే కోర్సులో' అని కాలేజీవాళ్లు అన్నప్పుడు, దేనికి వారానికి ఎన్ని గంటలో కాగితం మీద చూపించమనండి.

చూడాల్సింది క్యాంపస్ టైంటేబుల్ కాదు, మీ పిల్లవాడు కూర్చోబోయే సెక్షన్‌ది. డెమో క్లాసు చెప్పిన సార్ టాప్ సెక్షన్‌కే పరిమితం కావచ్చు. స్టడీ అవర్స్‌లో సబ్జెక్టు లెక్చరర్ ఉంటారా, లేక వార్డెన్ ఒక్కరేనా? వీకెండ్ టెస్టు అయ్యాక పేపర్ డిస్కషన్ ఎప్పుడు? మా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. ర్యాంకుల లిస్టు వాట్సాప్‌లో పెట్టి, సోమవారం కొత్త చాప్టర్ మొదలెట్టే చోట పిల్లలు అవే తప్పులు వారం వారం చేస్తారు. తప్పు కాన్సెప్ట్ రాకా, కాలిక్యులేషన్‌లోనా, ప్రశ్న సరిగా చదవకా అన్నది విడదీసి రాయించే సెక్షన్ దొరికితే, అది దూరమైనా సరే అక్కడే చేర్చండి.

ఇక ప్రకటనలు. ర్యాంకర్ ఫొటోతో పాటు ఆ విద్యార్థి ఏ కోర్సు, ఎంత కాలం చదివాడో, డబ్బు కట్టి చేరాడో లేదో కూడా వేయాలని 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ చెప్పింది. ఫొటోలోని పిల్ల కేవలం టెస్ట్ సిరీస్ రాసి ఉండొచ్చు, మీరు కట్టేది రెండేళ్ల ఫీజు. మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి ఫీజు 10 రోజుల్లో తిరిగివ్వాలని కేంద్ర విద్యాశాఖ 2024 జనవరి మార్గదర్శకాల్లో ఉన్నా, అవి కోచింగ్ సెంటర్ల కోసం రాష్ట్రాలకు పంపినవి. ఇంటర్‌తో కలిపి నడిపే కాలేజీలో అది వర్తిస్తుందని లెక్క వేసుకోవద్దు. వాపసు షరతులు రాయించుకుని, అప్పుడే మొదటి టర్మ్ మాత్రం పంపండి.

లాంగ్ టర్మ్, అంటే ఇంటర్ అయ్యాక మళ్లీ పరీక్ష రాయడానికి ఏడాది పాటు తీసుకునే కోచింగ్ మాట వస్తే ముందు ఏ పరీక్షకో అడగండి. ఐఐటీల కోసం రాసే అడ్వాన్స్‌డ్ వరుసగా రెండేళ్లలో రెండుసార్లే రాయనిస్తారు, కాబట్టి దానికి ఒక్క ఏడాదికి మించి లాంగ్ టర్మ్ అర్థం లేదు. మెడిసిన్ సీట్ల కోసం రాసే నీట్‌కు అలాంటి పరిమితి లేదు.