బ్రదర్ ఎకో గారికి వందనములు... ములు... ములు

మిక్కిలి ప్రియమైన బ్రదర్ ఎకో గారికి,

విశాఖపట్నం నుంచి మీ సహోదరుడు, కీబోర్డు సంచి భుజాన వేసుకుని సంఘం సంఘం తిరిగే ఒక పాటగాడు, ప్రభువు నామమున వందనములతో వ్రాయునది. మేమిక్కడ క్షేమం. మీ క్షేమం వేరే అడగనక్కర్లేదు. నిన్న రాత్రి గాజువాక సభలో మీరెంత దృఢంగా ఉన్నారో నాలుగు వీధుల అవతల నిద్రపట్టక దొర్లిన వాళ్లను అడిగినా చెబుతారు.

మనది పదిహేనేళ్లు దాటిన పరిచయం. ఆదివారం పొద్దున రెండు ఆరాధనలు, సాయంత్రం భీమిలిలోనో పెందుర్తిలోనో ఇంకొకటి, శుక్రవారం ఉపవాస ప్రార్థన, మధ్యలో కొత్త ఇంటి ప్రార్థనలు, పెళ్లిళ్లు, జ్ఞాపకార్థ కూడికలు. ఇక నవంబరు చివర మొదలై డిసెంబరు 24 దాకా వరసగా తరుముకొచ్చే సెమీ క్రిస్మస్‌లు సరేసరి. అసలు క్రిస్మస్ వచ్చేసరికి నా గొంతు కూడా సెమీ అయిపోతుంది. ఇన్ని చోట్లా నాకంటే ముందు చేరేది మీరే. నేను బస్సులో కీబోర్డుకు లగేజీ టికెట్టు కొట్టాలా వద్దా అని కండక్టరుతో వాదించి, ఓడిపోయి, దిగి, చెమట తుడుచుకుంటూ వచ్చేసరికి మీరు మిక్సరులో తీరిగ్గా కూర్చుని "హలో... లో... లో..." అంటూ ఉంటారు. మైకుసెట్టు వాళ్లకు అడ్వాన్సు వారం ముందే ముడుతుంది. నాకు సభ అయ్యాక తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేసి పంపిస్తారు. దాని మీద నాకు ఫిర్యాదేమీ లేదు. ఉంది గానీ, అది ఇంకో ఉత్తరం.

ఇప్పటి గొడవ మాటల గురించి.

నేను పాటలు కూడా రాస్తానని మీకు తెలిసి ఉండకపోవచ్చు. తెలిసే అవకాశం మీరు ఇవ్వలేదు. మొన్న వేసవిలో భీమిలి వెళ్లినప్పుడు, గోస్తని సముద్రంలో కలిసే వైపు ఒక ముసలాయన ఇసుకలో చెలమ తీస్తూ కనిపించాడు. చేత్తోనే తవ్వుతున్నాడు. మోచేయి లోతు దాకా పొడి ఇసుకే. ఆ తర్వాత అడుగున ఇసుక రంగు మారింది, ముదిరింది, చివరికి గుక్కెడు నీళ్లు మెల్లగా పైకి వచ్చి నిలబడ్డాయి. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో టికెట్టు వెనక రాసుకున్నాను: "ఎండిన చెలమకు ఊటవు నీవే." రెండో పాదానికి పదకొండు రోజులు పట్టింది. "కృప" అని వేస్తే ఒక్క నిమిషంలో అయిపోయేది. కానీ తెలుగులో ఆ మాట మీద ఇప్పటికే చాలా బరువు పెట్టారు, నేనూ ఎందుకులే అనిపించింది. చివరికి "ఎన్నడు నన్ను మరువని ప్రేమే" అని కుదిరింది. నాకు నచ్చింది. మా ఆవిడకు కూడా నచ్చింది, అది అంత సులువుగా జరిగే విషయం కాదు.

ఆ పాటను మొదటిసారి అనకాపల్లి వైపు ఒక సంఘంలో పాడాను. రేకుల షెడ్డు, కింద గచ్చు, నాలుగు మూలలా నాలుగు పెద్ద బాక్సులు, మధ్యలో మీరు. పాట అయిపోయింది. చప్పట్లు కూడా కొట్టారు. వాక్యం (ప్రసంగం) తర్వాత ప్రార్థన అంశాలు చెబుతూ సంఘపెద్ద గారు మైకు అందుకుని, "తమ్ముడు పాటలో చెప్పిన ఆ ఎండిపోయిన చెల్లమ్మ కోసం కూడా భారంతో ప్రార్థిద్దాం" అన్నారు. చెలమ. లమ. లమ. చెల్లమ్మ. నలభై మంది కళ్లు మూసుకుని, లోకంలో లేని ఒక ఆడపడుచు ఆరోగ్యం కోసం కన్నీళ్లతో మొరపెట్టారు. నేను కూడా కళ్లు మూసుకున్నాను. తెరిచి ఏం చేయను?

భోజనాల దగ్గర ఇంకో పెద్దాయన నా పక్కకు జరిగి, గొంతు తగ్గించి, "బాబూ, దేవుడు మనల్ని మరిచాడని రాశావేమిటి?" అన్నారు. పులుసు కలుపుకుంటున్న చెయ్యి ఆగిపోయింది నాకు. ఇందులో తప్పు ఆయనది కాదు. మన భాషలో కాదన్న మాట క్రియ తోకలో కూర్చుని ఉంటుంది. మరిచిన ప్రేమకూ మరువని ప్రేమకూ మధ్య ఉన్నది మూడు అక్షరాలే. మీరు ఆ తోక పట్టుకుని ఊపుతారు. పైగా తెలుగు మాటలు చాలావరకు అచ్చులతో ముగుస్తాయి, ఒక మాట చివర సాగి తర్వాతి మాట నెత్తిన ఎక్కుతుంది. ఈ భాషను మీ కోసమే చేసినట్టు ఉంది. మీకు పండగ, నాకు దేవదూషణ కేసు.

మీ జాతకం నేను కొంచెం చదివాను. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. పోయిన శబ్దం పదో వంతు సెకను ఆలస్యంగా తిరిగి వస్తే గానీ మన చెవి దాన్ని రెండో శబ్దంగా పట్టదు. అంటే ఎదురుగా 17 మీటర్ల దూరంలో గోడో కొండో ఉంటేనే మీకు జన్మ. ఆ షెడ్డు మొత్తం పొడవు 12 మీటర్లు. ప్రకృతి ప్రకారం అందులో మీకు పుట్టుకే లేదు. మేమే మీట తిప్పి కంటున్నాం. మీ పెద్దన్న రివర్బ్ గారితో, అంటే గోడల మధ్య కాసేపు నిలిచే మోతతో, నాకు ఏ పేచీ లేదు. ఆయన పాత రాతి చర్చిల్లో గోడలను ఆనుకుని నిలబడి, పాట చుట్టూ దుప్పటి కప్పినట్టు కప్పి ఊరుకుంటారు. మీరు అలా కాదు. పాడినదాన్ని పాడినట్టే మళ్లీ అప్పజెబుతారు, అదీ తాళం తప్పి. నా పాట నిమిషానికి 80 దెబ్బల నడక. దెబ్బకు 750 మిల్లీ సెకన్లు. మీరు ఎవరో ఎప్పుడో పెట్టి వదిలేసిన 400 దగ్గర వస్తారు. డోలక్ వాయించే తమ్ముడు నా మీద పడాలో మీ మీద పడాలో తెలియక మధ్యలో ఎక్కడో పడతాడు.

ఈ ఊళ్లోనే, 1805లో, జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అని లండన్ మిషనరీలు ఇద్దరు వచ్చి దిగారు. ఈ ఉక్కలో తెలుగు నేర్చుకుని, సువార్తలను తెలుగు చేయడానికి కూర్చున్నారు. క్రాన్ 1809లో పోయారు, డెస్ గ్రాంజెస్ 1810లో. ఆ శ్రమ 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయి వచ్చేసరికి చూసుకోవడానికి ఇద్దరూ లేరు. మాట అవతలివాడికి తెలియాలని ప్రాణం పెట్టినవాళ్లు వాళ్లు. ఆ మాటను మీరు అర సెకనులో మళ్లీ ఎవరికీ తెలియని భాషలోకి తర్జుమా చేస్తున్నారు. కీర్తనల పుస్తకం తెరిచి చూడండి, పాట నెత్తిన రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంటాయి. ఎకో ఎంత అన్నది వెతికాను. పెద్దవాళ్లు మరిచిపోయినట్టున్నారు.

మిమ్మల్ని తగ్గించడానికి నేను ప్రయత్నం చేయలేదనుకోకండి. ప్రతి సభలోనూ పాటకు ముందు మిక్సరు దగ్గరకు వెళ్లి, "తమ్ముడూ, ఎకో కాస్త తగ్గించు" అంటాను. ఆ కుర్రవాడు నా కళ్లలోకి చూస్తూనే ఏదో ఒక మీట మీద వేళ్లు పెట్టి ఎడమవైపు తిప్పుతాడు. "తగ్గించాను బ్రదర్." అది దేనికీ కలపని మీట అని కనిపెట్టడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. ఒకసారి గట్టిగా నిలదీస్తే పాపం నిజం చెప్పేశాడు: "ఎకో లేకపోతే అభిషేకం లేదంటున్నారు బ్రదర్, మళ్లీ ఏడాది మా సెట్టు పిలవరు."

ఇదీ అసలు సంగతి. అభిషేకాన్ని, అంటే ఆత్మ దిగిరావడాన్ని, ఇప్పుడు మీట మీద గడియారం లెక్కన కొలుస్తున్నారు. ప్రకటనలు చదివేటప్పుడు ఎనిమిది గంటల దగ్గర ఉంటుంది, కానుకల వేళ పది, వాక్యం మొదట్లో పన్నెండు. చివరి ప్రార్థనలో ప్రసంగీకులు కళ్లు మూసుకునే చూపుడు వేలు పైకెత్తి గాలిలో ఒక్క సున్నా చుడతారు, అంతే, మీట నాలుగు గంటలకు వెళ్లిపోతుంది. "స్తోత్రం" అంటే "త్రం త్రం త్రం" అని రేకులు కూడా ఆత్మలో అదురుతాయి. రాత్రి పది దాటితే మైకు మోగకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు ఉన్నాయి కాబట్టి, తొమ్మిదీ నలభైకి నా పాటలో ఒక చరణం కోసేస్తారు. మీలో ఒక్క మిల్లీ సెకను కోసిన పెద్దమనిషిని నేనింతవరకు చూడలేదు.

ఏలీయా కొండ మీద నిలబడ్డప్పుడు పెనుగాలి వచ్చింది, భూకంపం వచ్చింది, అగ్ని వచ్చింది. వాటిలో దేవుడు లేడట, ఆ తర్వాత వినిపించిన మెల్లని స్వరంలో ఉన్నాడట. ఆ రోజు మీరు అక్కడ ఉండి ఉంటే ఆ స్వరాన్ని కూడా అందుకుని రెండో భూకంపం చేసేవారు. ఏలీయా ఇంకా గుహలోనే ఉండేవాడు.

మీ పుట్టిల్లు నాకు తెలుసు. అరకు వైపు సంఘాలకు వెళ్లేటప్పుడు కిరండూల్ రైలు ఎక్కుతాను. ఆ లైనులో 58 సొరంగాలు. చీకటి పడగానే పెట్టెలో పిల్లలందరూ ఒక్కసారిగా కేకలు వేస్తారు, మీరు బదులు పలుకుతారు, అందరూ నవ్వుతారు. నేనూ వేస్తాను, ఎవరూ చూడకుండా. వెలుతురు రాగానే పిల్లలు మానేసి జామకాయలు తింటారు. మా సభలు మాత్రం ఇంకా సొరంగంలోనే ఉన్నాయి.

మీరు లేని ఆదివారం ఒక్కటి నాకు గుర్తుంది. 2014 అక్టోబరు 12, అదీ ఆదివారమే, హుద్‌హుద్ తుఫాను ఊరిని నేలమట్టం చేసి పోయింది. వారం తిరిగినా మా వైపు కరెంటు రాలేదు. 19న ఆరాధనకు వెళితే చర్చి గోడలు ఉన్నాయి, రేకులు లేవు. దారిలో పడిన చెట్లు దాటుకుంటూ ముప్ఫై మంది దాకా వచ్చారు. బకెట్లు పట్టుకుని నీళ్ల ట్యాంకరు కోసం నిలబడి, అటునుంచి అటే వచ్చినవాళ్లు కొందరు. కీబోర్డు మూగది. డోలక్ ఒకటి, చేతులు అరవై. ఆకాశం కింద నిలబడి నా పాత పాట ఒకటి పాడాను. ఎంత చిన్నగా వినిపించిందో! నా గొంతు ఇంత చిన్నదా అని నాకే సిగ్గు వేసింది. అయిపోయాక ఒక మామ్మగారు దగ్గరకు వచ్చి, "ఈ పాటకు మూడో చరణం ఉందా బాబూ? ఇన్నాళ్లూ రెండో చరణమే మళ్లీ పాడుతున్నావనుకున్నాను" అన్నారు. ఆ పాట అప్పటికి మూడేళ్లుగా ఆ చర్చిలోనే పాడుతున్నాను.

బుధవారం కరెంటు వచ్చింది. వీధంతా చప్పట్లు కొట్టింది. ఆదివారానికి మీరూ వచ్చారు. మామ్మగారి సంగతి మళ్లీ అడగలేదు.

ఇంత రాసి ఇది రాయకపోతే అబద్ధ సాక్ష్యం అవుతుంది. కిందటి డిసెంబరులో తొమ్మిది రోజుల్లో ఏడో సెమీ క్రిస్మస్. మంచు, దుమ్ము, బిర్యానీ, అర్ధరాత్రి ప్రయాణాలు. గొంతు గరగర. మూడో చరణంలో పై షడ్జం అందుకోవాలి. అందదని రెండో చరణం మధ్యలోనే తెలిసిపోయింది. అప్పుడు వేదిక మీద ఒక చూపుడు వేలు మెల్లగా లేచి గాలిలో సున్నా చుట్టింది. ఆ వేలు నాది. మీరు ఒక్క క్షణం ఆలస్యం చేయలేదు. నేను సగం దాకా ఎక్కి వదిలేసిన స్వరాన్ని మీరు ఎత్తుకుని, పైకీ కిందికీ ఊపి, ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలియకుండా చేసి, క్షేమంగా దింపారు. మెట్లు దిగుతుంటే ఒక సహోదరి కళ్లు తుడుచుకుంటూ, "ఈ రోజు మీ పాటలో ఆత్మ బలంగా పనిచేసింది బ్రదర్" అంది. మీ తరఫున వందనాలు నేనే అందుకున్నాను.

వచ్చే ఆదివారం భీమిలిలో చెలమ పాటే పాడుతున్నాను. ఈసారి మైకుసెట్టు తమ్ముడికి పాట కాగితం రాసి ఇచ్చాను, అసలు మీట ఏదో చూపించుకున్నాను, దాని మీద పచ్చ టేపు కూడా అంటించాను. పల్లవిలో మీరు ఉండరు. మొదటి చరణంలో ఉండరు, రెండో చరణంలోనూ ఉండరు. మనసు కష్టపెట్టుకోకండి. మూడో చరణంలో ఒకచోట గొంతు పైకి వెళుతుంది కదా, అక్కడికి మాత్రం కాస్త దగ్గరలో ఉండండి. తొమ్మిది గంటల దగ్గర ఉంటే చాలు. మరీ అవసరమైతే వేలు చూపిస్తాను.

ఇట్లు,
ప్రభువునందు మీ సహోదరుడు,
పాటగాడు, విశాఖపట్నం.

తా.క.: అనకాపల్లి సంఘపెద్ద గారు మొన్న ఫోను చేసి, చెల్లమ్మ గారికి ఎలా ఉందని అడిగారు. కుదుటపడుతోందని చెప్పాను.