రద్దయిపోతున్న శిక్షణకు ఒక వకాల్తా

ఇంగ్లండ్, వేల్స్‌లలో సొలిసిటర్ (క్లయింట్ల న్యాయ వ్యవహారాలు చూసే లాయరు) కావడానికి 2021 సెప్టెంబర్‌లో కొత్త దారి తెరిచారు. డిగ్రీ లేదా దానికి సమానమైన అర్హతతోపాటు ఎస్‌క్యూఈ (సొలిసిటర్స్ క్వాలిఫయింగ్ ఎగ్జామినేషన్) అనే రెండు అంచెల పరీక్ష, రెండేళ్ల పని అనుభవం, మంచి నడవడిక ఉండాలి. పాత దారిలో ట్రైనీలకు తప్పనిసరిగా ఉన్న ప్రొఫెషనల్ స్కిల్స్ కోర్సు, అంటే వృత్తి మెలకువలు నేర్పే క్లాసులు, ఇందులో లేదు. పాత దారి 2032 చివరికల్లా మూతపడుతుంది, దానితోపాటు ఈ కోర్సు కూడా. ఇంత ఘోరం జరుగుతుంటే అన్ని వేలమంది సొలిసిటర్లలో ఒక్కరూ కంటతడి పెట్టలేదు. అందుకే ఆ కోర్సు తరఫున నేనే వకాల్తా పుచ్చుకుంటున్నాను, ఫీజు లేకుండా.

మొత్తం 72 గంటలు. అందులో 48 అందరికీ ఒకటే, మిగతా 24 మనం ఎంచుకునేవి. ఫీజు ట్రైనీని పెట్టుకున్న న్యాయ సంస్థే కట్టాలి. ట్రైనీకి ఏడాదిన్నరగా చేస్తున్న పని ఎలా చెయ్యాలో అప్పుడు నేర్పుతారని గిట్టనివాళ్లు అంటారు. నేర్చుకున్నాక చేస్తే తప్పులు తెలియవు. చేశాక నేర్చుకుంటే ఎక్కడెక్కడ తప్పు చేశామో వరసగా గుర్తొస్తుంది. ఏది మెరుగైన బోధన?

క్లయింట్ కేర్ పాఠమే తీసుకోండి. ముగ్గురేసి కూర్చోబెడతారు. ఒకరు సొలిసిటర్, ఒకరు బిల్లు చూసి మండిపడ్డ క్లయింటు, మూడోవారు ఫారం పట్టుకున్న పరిశీలకుడు. క్లయింటుకిచ్చిన కాగితంలో 'మీరు కోపంగా ఉన్నారు' అని ఉంటుంది. ఆ పాత్రధారి ముందురోజు అర్ధరాత్రి దాకా ఆఫీసులో కోర్టు కాగితాలకు పేజీ నంబర్లు సరిచూసి వచ్చినవాడు, నటించాల్సిన పని లేదు. సొలిసిటర్ తల పంకించి "మీ బాధ నాకు అర్థమైంది" అంటాడు. పరిశీలకుడు సానుభూతి గడిలో టిక్కు పెడతాడు. పావుగంట ఇస్తే నాలుగు నిమిషాల్లో ముగుస్తుంది. మిగిలిన సమయమంతా "క్వాలిఫై అయ్యాక మీవాళ్లు ఉంచుకుంటారా, మావాళ్లు ఏమీ తేల్చట్లేదు" అన్న చర్చకు వెళ్తుంది. ఇంతకంటే పనికొచ్చే పాఠం మరెక్కడ దొరుకుతుంది?

అడ్వొకసీ, అంటే కోర్టులో వాదించే పాఠంలో కంపెనీల కొనుగోళ్ల విభాగంలో ఉన్నవాడు లేచి, లేని ముద్దాయి కోసం బెయిల్ అడుగుతాడు. మళ్లీ జన్మలో అడగడు, కాబట్టి ప్రాణం పెట్టి అడుగుతాడు. మనీలాండరింగ్ పాఠంలో వచ్చే ప్రతి క్లయింటు చేతిలోనూ నగదు సూట్‌కేసు ఉంటుంది. అనుమానం వస్తే సంస్థలోని బాధ్యుడికి చెప్పాలి, క్లయింటు చెవిన మాత్రం వెయ్యకూడదు. 2002 నాటి ప్రొసీడ్స్ ఆఫ్ క్రైమ్ యాక్ట్ ప్రకారం అలా చెప్పడం నేరం కావచ్చు. క్లయింటును ఒంటరిగా కలిసే అవకాశమే రాని ట్రైనీ ఈ నిబంధనను ఎంత నిష్ఠగా పాటిస్తాడో చెప్పనక్కర్లేదు.

క్లయింటు డబ్బూ సంస్థ డబ్బూ ఒకే ఖాతాలో కలపకూడదన్న నియమం మాత్రం వేరు. దాన్ని నేను ఎగతాళి చెయ్యను. అక్కడ తేడా వస్తే ఉద్యోగంతోపాటు వృత్తే పోవచ్చు.

ఇక హాజరు పట్టీ. పొద్దున ఒక సంతకం, భోజనమయ్యాక ఇంకోటి. నిద్రపోయినా ఫరవాలేదు, సంతకం పోకూడదు. ఆరు నిమిషాలకొక యూనిట్ చొప్పున సమయం అమ్ముకునే వృత్తిలో, ఎవరికీ బిల్లు పడని రోజంటే ఈ శిక్షణ రోజే. అందుకే కాబోలు, తానే పంపిన సూపర్‌వైజర్ పదకొండింటికల్లా "ఎప్పుడొస్తావ్?" అని మెయిల్ పెడతాడు.

మన హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టులో జూనియర్ ఇదంతా సీనియర్ వెనక ఫైళ్లు మోస్తూ, వాయిదాలు అడుగుతూ నేర్చుకుంటాడు. సర్టిఫికెట్ ఇవ్వరు, టీ డబ్బులు కూడా తనవే. అలాంటి లాయర్ల ఇంట్లోంచి లండన్ వెళ్లిన కుర్రాడు ఫోన్‌లో "క్లాసులో ఉన్నానమ్మా" అంటే, వాళ్లమ్మ "ఇంకా క్లాసులేనా నాన్నా, ఉద్యోగం వచ్చిందన్నావుగా?" అని కంగారుపడదూ!

కొత్త దారిలో వచ్చేవాళ్లకు కొన్ని సంస్థలు సొంతంగానే క్లాసులు పెడుతున్నాయి. అక్కడ హాజరు పట్టీ ఉందో లేదో, మధ్యాహ్నం బిస్కెట్లు ఇస్తున్నారో లేదో తేలేదాకా నా వకాల్తా వెనక్కి తీసుకోను.