అడవిలో నడవరాదు, కూర్చొనవలెను

అడవి ప్రజల ఆస్తి. ఈ విషయంలో ఎవరికీ అనుమానం అక్కర్లేదు. ప్రజలు అందులో కాలు పెట్టకూడదు, అంతే. మా చంద్రపూర్ జిల్లాలో ఈ రెండు సంగతులూ ఎన్నడూ గొడవపడకుండా కాపురం చేస్తున్నాయి.

తాడోబా 1955లో జాతీయ ఉద్యానవనమైంది. మహారాష్ట్రలో అదే మొట్టమొదటిది. పక్కనున్న అంధారి అభయారణ్యాన్ని కలిపి 1995లో పులుల రిజర్వు చేశారు. ఆ రెండూ కలిపి 625 చదరపు కిలోమీటర్లు. దీన్నే కోర్ అంటారు, అంటే నడిబొడ్డు అడవి. ఇది చూడవచ్చిన పెద్దమనిషికి నడిచే హక్కు ఎంతుందయ్యా అంటే, మొహర్లీ గేటు దగ్గర జీపు దిగి మరుగుదొడ్డి దాకా. తక్కువేం కాదు, ఎండాకాలం ఆ మాత్రం నడక చాలు.

ఎండాకాలం అంటే గుర్తొచ్చింది. చంద్రపూర్‌లో 47 డిగ్రీలు కాగానే మా బల్లార్షా స్టేషన్‌లో హైదరాబాద్ చుట్టాలు దిగుతారు. మా మీద ప్రేమ అనుకునేరు. నీళ్లెండిపోతే పులి గుంట దగ్గరికి రాక తప్పదని వాళ్లకెవరో చెప్పారు. "ఏం బావా, పులి గ్యారంటీయేనా?" అంటారు, నేనేదో పెరట్లో కట్టేసినట్టు. పులికి కనబడకూడదని ఆకుల బొమ్మల చొక్కా తొడుక్కుంటారు. దాని మీద సెంటు కొట్టుకుంటారు.

లోపలికెళ్లాక టేకు, వెదురు, ఇప్ప, తునికి చెట్లు వస్తాయి, పోతాయి. అడవిదున్న కనబడితే "బర్రె" అంటారు. రేచుకుక్కల మంద కనబడితే, ఇంటిముందు లేవా అంటారు. ఎలుగుబంటి కనబడితే ఒక ఫొటో, అదీ దయదలిచి. నాలుగ్గంటలు తిరిగి బయటికొచ్చాక గేటు దగ్గర అడిగితే ఒక్కటే మాట: "ఖాళీ." అంత అడవీ ఖాళీ!

పులి కనబడిందంటే మాత్రం భక్తి చూడాలి. నాగపూర్ దగ్గరి ఉమ్రేడ్ కర్హాండ్లా అభయారణ్యంలో 2024 డిసెంబరు 31న ఓ ఆడపులినీ, దాని పిల్లల్నీ జీపులు ముందూ వెనకా కమ్మేశాయి. బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి తనంతట తానే కేసు చేపట్టింది. నన్నడిగితే ఇందులో జీపులవాళ్ల తప్పేముంది? కొత్త సంవత్సరం ముందురోజు పిల్లల్ని వెంటేసుకుని రోడ్డు మీదికి రావడం పులికి తగునా?

ఇక నడిచేవాళ్ల సంగతి. వాళ్లూ ఉన్నారు. ఎండ ముదరకముందే ఇప్పపువ్వుకూ, మే నెలలో తునికాకుకూ తెల్లారకముందే బయల్దేరుతారు. ఇటు మన తెలుగువాళ్లుండే సిరొంచ వైపూ అంతే. గైడు లేడు, టోపీ లేదు. పైగా పని మొత్తం వంగి చేసేది. వంగిన మనిషి పులి కంటికి జంతువులాగే కనిపిస్తుందంటారు. 2025 మే నెలలో సిందేవాహి తాలూకాలో తునికాకుకు పోయిన ముగ్గురు ఆడవాళ్లు ఒక్కరోజే పులికి బలయ్యారు. అప్పుడు వినబడే సలహా ఎప్పుడూ ఒకటే: అడవిలోకి వెళ్లొద్దు, వెళ్తే గుంపుగా వెళ్లండి. ఆ ఆకుతో చుట్టిన బీడీ తాగేవాడికి మాత్రం ఎవరూ జాగ్రత్తలు చెప్పరు, డబ్బా మీద హెచ్చరిక బొమ్మ తప్ప.

అసలీ అడవికి పేరొచ్చిందే తారు అనే ఊరిపెద్ద వల్ల అని గోండులు చెబుతారు. పులితో తలపడి చనిపోయాడట. తాడోబా చెరువు గట్టున చెట్టు కింద ఆయన్ను దేవుడిగా కొలుస్తారు. ఆయనా నడిచే వెళ్లాడు. ఆన్‌లైన్ బుకింగ్ ఉండి ఉంటే దేవుడయ్యే అవస్థ తప్పేది.

పక్క గడ్చిరోలి జిల్లాలో మేండా లేఖా అని ఓ గోండు ఊరుంది. అటవీ హక్కుల చట్టం కింద 2009లో సామూహిక హక్కులు సాధించుకుని, 2011 నుంచి తమ వెదురు తామే అమ్ముకుంటున్నారు. "ఢిల్లీలో, ముంబైలో మా సర్కారు, మా ఊళ్లో మేమే సర్కారు" అంటారు. వాళ్లు తమ అడవిలో దర్జాగా నడుస్తారు. చుట్టాల్ని అక్కడికి తీసుకెళ్లను. గ్రామసభ ఫొటోకు లైకులు రావు.

కాబట్టి ప్రభుత్వానికి నాదో విన్నపం. తునికాకు ఏరేవాళ్లను పర్యాటకులుగా గుర్తించాలి. పొద్దున్నే ఒక్కో జీపు, ఒక్కో గైడు, గేటు దగ్గర పేర్లు రాసుకోవడం, వేళకు తిరిగి రాకపోతే వెతకడానికి మనుషుల్ని పంపడం, అన్నీ వాళ్లకూ వర్తించాలి. చుట్టాలు కావాలంటే వెనక సీట్లో సర్దుకుంటారు. ఆకు కట్టలు వాటిని కొనే కల్లం దాకా చేరాలి గనక ముందు సీటు వాటికి వదలాలి. లగేజీ కింద వేరే చార్జీ వేసుకోవచ్చు, రసీదు మాత్రం ఇవ్వాలి.